చొక్కాల చోటు

మెయిన్ బజారులోకి బండ్లు రాకుండా రెండు చివర్లా ఎర్ర డ్రమ్ములు అడ్డం పెట్టిన రోజున జనమంతా గొంతు తగ్గించి మాట్లాడారు. తగ్గించమని ఎవరూ చెప్పలేదు. గడియార స్తంభం నుంచి పాత మసీదు దాకా ఉన్న ఆ వీధిలో ఏళ్ల తరబడి ఆటోల హారన్లూ, మిర్చి లారీల గేర్ల మోతా, పాలవాళ్ల మోటారు సైకిళ్లూ కలిసి చేసిన రొద ఒక్కసారిగా ఆగిపోయేసరికి, ఎవరి చెప్పుల చప్పుడు వాళ్లకే వినపడింది. సొంత చెప్పుల చప్పుడు విని ఎరగని జనం కదా, వెనకాల ఎవరో వస్తున్నారనుకుని మాటిమాటికీ తిరిగి చూసుకున్నారు.

ఫెబా మందుల షాపు పైన వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంది. రెండు చేతుల్లో రెండు లెక్కమీటర్లు. మసీదు వైపు పోయే మనిషికి కుడి బొటనవేలు నొక్కాలి, గడియారం వైపు వచ్చే మనిషికి ఎడమ బొటనవేలు. కింద రోడ్డుకు అడ్డంగా సున్నంతో గీసిన గీత ఉంది. ఆ గీత దాటితేనే మనిషి లెక్క. పావుగంటకొకసారి రెండు అంకెలూ ఫారంలో రాసి, మీటర్లు సున్నాకు తిప్పుకోవాలి. మధ్యలో తీరిక దొరికినప్పుడల్లా ఎవరో ఒకరిని ఎంచుకుని, ఆ మనిషి వీధిలో ఎటు నుంచి ఎటు నడిచాడో పటం మీద పరిచిన పల్చటి కాగితం మీద పెన్సిలుతో గీయాలి. ఒక మనిషికి ఒక గీత.

బెజవాడ కంపెనీ ఒకటి వేసిన ప్లాను అది. బజారులో బండ్లు శాశ్వతంగా ఆపేసి, రాళ్లు పరిచి, బెంచీలూ పూలతొట్లూ పెట్టి, జనం తాపీగా నడుస్తూ కొనుక్కునేలా చేస్తారట. గురు, శుక్ర, శని మూడు రోజులు ట్రయలు. నెల కిందట ఈ వీధిలో ఫుట్‌పాత్ వ్యాపారుల లిస్టు రాసింది కూడా ఫెబానే. లిస్టులో ఉన్నవాళ్లకు ఆకుపచ్చ బిళ్లలిచ్చారు. బిళ్ల మెళ్లో ఉంటే ఎవరి చోట వాళ్లు కూర్చోవచ్చు, కొత్త వీధిలోనూ ఆ చోటు వాళ్లదే. మంచి పనే. తన ఊళ్లో తన చేతి మీదుగా జరుగుతున్నందుకు ఫెబాకు లోలోపల కాస్త గర్వంగా కూడా ఉంది.

మొదటి గంటంతా నడిరోడ్డు మీదికి ఒక్కరూ రాలేదు. రోడ్డంతా మీదేనని మైకులో చెప్పినా అంచులు పట్టుకునే నడిచారు. ఇన్నేళ్లూ లారీకి దారిచ్చిన ఒళ్లు, లేని లారీకి కూడా దారిస్తుంది. పది దాటాక ఇద్దరు కాలేజీ అమ్మాయిలు నడిమధ్యకు వచ్చి ఫొటో దిగారు. వాళ్లకేం కాకపోయేసరికి మిగతావాళ్లకు ధైర్యం వచ్చి, వీధి నిండా పరుచుకుని నడవడం మొదలుపెట్టారు.

అప్పుడు కనపడింది ఫెబాకు.

గాజుల షాపుకూ, మూసేసిన పాత పోస్టాఫీసుకూ మధ్య ఏమీ లేని చోటు ఒకటి ఉంది. తిన్నగా నడిచి వస్తున్న మనిషి అక్కడికి రాగానే పక్కకు జరుగుతున్నాడు. దాటాక మళ్లీ తిన్నగా పోతున్నాడు. ఒకరిద్దరిని చూసి పేడ ఉందేమోననుకుంది. కళ్లజోడు తుడుచుకుని చూసింది. పేడ లేదు, గుంట లేదు, తడి లేదు. ఊడ్చిన నేల మీద ఫిబ్రవరి ఎండ పడుతోంది, అంతే.

ఇక కావాలనే ఆ పక్కన నడిచేవాళ్లనే ఎంచుకుని గీతలు గీసింది. ఫోనులో మాట్లాడుకుంటూ కింద చూడకుండా వస్తున్న ఒకామె తప్పుకుంది. వినుకొండ బస్సు దిగి సంచులు మోసుకుంటూ వచ్చిన కొత్తవాళ్లు తప్పుకున్నారు. తల్లి చెయ్యి విడిపించుకుని పరుగెత్తిన చంటిపిల్ల అక్కడ టక్కున ఆగి, చుట్టు తిరిగి, మళ్లీ పరుగెత్తింది. ఒక కుక్క వచ్చింది. కుక్క కూడా మూతి ముందుకు చాపి, ఏమనుకుందో, చుట్టు తిరిగే పోయింది. మధ్యాహ్నానికి కాగితం మీద డెబ్భై గీతలయ్యాయి. అన్నీ దువ్విన జుట్టులా ఒకే తీరుగా సాగి, ఆ ఒక్క చోట సుడి తిరిగాయి. సుడి మధ్యలో కాగితం తెల్లగా మిగిలింది. 

అన్నం డబ్బా తెరవకుండానే టేపు తీసుకుని కిందికి దిగింది. ఏడడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు. టేపు ఒక మూల పట్టుకోమని గాజుల షాపు అమ్మాయిని అడిగితే, ఆ పిల్ల మెట్టు మీద నుంచే చెయ్యి చాపింది గానీ కిందికి దిగలేదు. ఇదేం చోద్యమని ఫెబా కాలు ఎత్తింది, మధ్యలో పెట్టి చూద్దామని. ఎత్తిన కాలు ఎత్తినట్టే కాసేపు ఉండి, వచ్చిన చోటికే వెనక్కి వచ్చింది. తను వెనక్కి తీసుకోలేదు.

"తొక్కమాకమ్మాయ్," అన్నాడు బుడాన్.

బుడాన్ ఎదురు పక్కన అద్దాల డబ్బా పెట్టుకుని చేతిగడియారాలు బాగుచేస్తాడు. కంటికి భూతద్దం, మెళ్లో ఆకుపచ్చ బిళ్ల, నంబరు నలభై ఒకటి.

"ఏముంది బాబాయ్ ఇక్కడ?"

"ఇప్పుడేం లేదు. మొన్నటిదాకా గుల్షన్ చొక్కాలు పరిచేది."

"ఏం చొక్కాలు?"

"చనిపోయినోళ్లయి." భూతద్దం తీసి కన్ను నలుపుకున్నాడు. "మిరపకోతకీ పత్తితీతకీ పోయే ఆడోళ్లు చీర మీద మగోళ్ల ఫుల్‌చేతుల చొక్కా తొడుక్కుంటారు గదా, చేతులు గీరుకోకుండా. ఆ చొక్కాలు. ఇళ్లకు పోయి తెచ్చుద్ది. ఇరవై ఏళ్ల నుంచీ అక్కడే పరుస్తా ఉంది. ఆ చొక్కాల్ని ఎవరు తొక్కుతారమ్మా?"

"ఇప్పుడు లేవుగా."

"లేవని కాళ్లకేం తెలుసు?"

ఫెబా టేపు చుట్టేసింది. "ఎక్కడికి పోయినయి?"

"నిన్న పొద్దున చెత్త ట్రాక్టరొచ్చి ఎత్తుకుపోయింది. ఆమె ఊళ్లో లేదు, దర్శి కాడ ఎవరింటికో పోయింది. నేను అరిచా, అది చెత్త గాదయ్యా, సరుకని. లిస్టులో చెత్తనే ఉంది పెద్దాయనా అన్నారు." ఒక చిన్న మరను పట్టకారుతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి, దాని చోట దాన్ని కూర్చోబెట్టాడు. "లిస్టు నీదే గదమ్మాయ్."

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. ఫెబా ఫోనులో సర్వే లిస్టు తెరిచి వెనక్కి జరిపింది. నలభై, మిరపనారు విత్తనాలు. నలభై ఒకటి, బుడాన్. ఆ తర్వాత నంబరు లేని ఫొటో ఒకటి. పట్టా మీద తొమ్మిది చొక్కాలు, అన్నీ మెడదాకా గుండీలు పెట్టి, రెండు చేతులూ బారజాపి పరిచి ఉన్నాయి. ఒక్కోదాని గుండెల మీద ఒక్కో రాయి. మనిషి లేరు. ఆ రోజు వ్యాపారి ఉన్నారా అని ఫోను అడిగితే లేరు అని నొక్కింది. సామాను రకం ఏమిటంటే, ఇచ్చిన పేర్లలో ఏదీ కుదరక, "వదిలేసినవి, చెత్త" అని ఉన్నదాన్ని నొక్కింది. తరవాత నలభై రెండుకు పోయింది. టీ తాగినంతసేపు కూడా పట్టలేదు ఆ పనికి. 

"ఆమె వచ్చిందా ఊళ్లోకి?"

బుడాన్ గడ్డంతో చూపించాడు. పాత పోస్టాఫీసు తలుపుకు ఆనుకుని, నీడలో, ఒకామె నిలబడి ఉంది. యాభై అయిదేళ్లుంటాయి. చీర కొంగు తల మీదుగా కప్పుకుంది, చంకలో ఖాళీ సంచి. పొద్దున తొమ్మిదింటి నుంచీ అక్కడే ఉందట. పైన కుర్చీలో కూర్చుని ఫెబా ఆ తలుపు వైపు ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. గీత దాటని మనిషి కనక కంట్లో పడలేదు.

"గుల్షనమ్మా, ఆ లిస్టు రాసింది నేనే," అంది ఫెబా దగ్గరికి వెళ్లి.

"తెలుసు పాపా."

"ఆ రోజు మీరు లేరు. అందుకని..."

"నేను లేకపోతే ఏం? రాయి పెట్టిపోయాగా."

ఫెబా తల వంచుకుంది. ఈ బజారులో రాయి పెట్టిపోతే మనిషి ఉన్నట్టే. కూరగాయల గంప మీద పెట్టినా, పాత చెప్పుల కుప్ప మీద పెట్టినా, వచ్చేదాకా ఎవరూ వేలు పెట్టరు. అది పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఫెబాకు తెలుసు. ఫోనులో మాత్రం రాయికి గడి లేదు. ఫోను చేతిలో ఉన్నంతసేపూ ఊరు మర్చిపోయింది, అదీ జరిగింది.

"చొక్కాలు పోతే పోయినయి," అంది గుల్షన్. "ఇచ్చే ఇళ్లు ఇస్తానే ఉంటయి. చోటు పోతే నేనేడికి పోయేది? కోతలు మొదలైనయి. పల్లెల్లో ఆడోళ్లకి నా పేరు కూడా తెలవదు, ఈ చోటొకటే తెలుసు. నా చోటు నాకొచ్చిద్దా?"

"వస్తుంది," అంది ఫెబా. ఎలా వస్తుందో ఆమెకే తెలియదు.

*

శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకు నమాజుకు పోయే జనం వీధి నిండా వచ్చారు. తెల్లటి టోపీలు, తెల్లటి బట్టలు, వందల అడుగుల చప్పుడు. బండ్లు లేకపోవడంతో అందరూ భుజం భుజం ఆనించి ఒక్క మందగా నడుస్తున్నారు. ఆ చోటికి వచ్చేసరికి మంద రెండుగా చీలింది. చీలినట్టు ఎవరికీ తెలియలేదు, ఎవరి మాటా ఆగలేదు. ఏడడుగుల నేలను చుట్టి, అటు పక్క మళ్లీ కలిసిపోయారు. ఫెబా రెండు బొటనవేళ్లూ నొక్కడం మర్చిపోయి చూస్తూ ఉండిపోయింది. లేచి వెళ్లి మధ్యలో ఎవరైనా ఉన్నారేమో చూడాలనిపించింది. ఎవరూ ఉండరని తెలిసి కూడా చూడటానికి భయమేసింది.

మూడింటికి శ్రీరమ్య వచ్చింది. బజారు డిజైను గీసిన ఆర్కిటెక్టు ఆమె. మంచి మనిషి. ఎండలో కూర్చున్న ఫెబాకు తన చేతిలోని మంచినీళ్ల సీసా ఇచ్చి తాగేదాకా ఊరుకోలేదు. ఫెబా రెండు రోజుల కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకు ఎత్తి చూపించింది. వంద పైచిలుకు గీతలు, ఒకటే సుడి.

"అబ్బ! ఎంత క్లియర్‌గా ఉంది ఫెబా!" శ్రీరమ్య కాగితం లాక్కున్నంత పని చేసింది. "వారం నుంచి ఇలాంటి చోటు కోసమే కొట్టుకుంటున్నాను."

"ఎలాంటి చోటు మేడమ్?"

"జనం నడవని చోటు. ఏం పెట్టినా ఎవరికీ అడ్డం కాదు. ఐ లవ్ అని, పక్కన ఊరి పేరు, ఆరడుగుల ఎత్తున వరసలుగా అక్షరాలు, రాత్రిపూట లైట్లు. అందరూ అక్కడ నిలబడి ఫొటోలు దిగుతారు చూడు."

ఆ చోటు గుల్షన్‌దని చూపించడానికి కష్టపడి గీసిన గీతలు. అవే ఆ చోటును గుల్షన్‌కు కాకుండా చేస్తున్నాయి.  ఫెబా గబగబా అంతా చెప్పింది. చొక్కాలు, రాళ్లు, ట్రాక్టరు, తను నొక్కిన గడి. శ్రీరమ్య అడ్డు రాకుండా విన్నది.

"లిస్టులో ఉంటే నేను ఆ చోటు ముట్టుకోను. అది రూలు. లేకపోతే మాత్రం అది ఖాళీనే," అంది చివరికి. "సర్వే చేసినవాళ్లే సరిదిద్దాలి. రేపు అయిదింటికి లిస్టు మూసేస్తారు. చోటు, సరుకు, మనిషి, మూడూ ఒకే ఫొటోలో ఉండాలి. కారణం దగ్గర సర్వేయరు పొరపాటు అని పెట్టాలి. పెడితే అది నీ రికార్డులో పడుతుంది. రెండో విడత పనికి నిన్ను తీసుకోరు ఫెబా. నేను చెప్పినా తీసుకోరు. బాగా ఆలోచించుకో."

ఆమె సుద్దముక్క తీసుకుని అక్షరాలకు గుర్తు పెట్టడానికి కిందికి దిగింది. ఫోను మోగితే చెవికి ఆనించుకుని మాట్లాడుతూనే వంగి, మోకాలి మీద కూర్చుని, బయటి నుంచే చెయ్యి చాపి నాలుగు మూలలా నాలుగు గుర్తులు పెట్టింది. ఒక మూల నుంచి ఇంకో మూలకు పోవడానికి అడ్డంగా నాలుగడుగులు వేస్తే సరిపోయేది. ప్రతిసారీ చుట్టు తిరిగి వెళ్లింది. ఫెబా పైనుంచి అంతా చూసింది గానీ ఆమెకు చెప్పలేదు.

ఫెబా కిందికి దిగి వెళ్లేసరికి పోస్టాఫీసు తలుపు దగ్గర గుల్షన్ నిన్నటిలాగే నిలబడి ఉంది.

"సరుకు ఉంటే చాలు గుల్షనమ్మా. మీరు కూర్చోండి, నేను ఫొటో తీస్తాను. సంతలో పాత చొక్కాలు నాలుగు కొనుక్కొస్తాను."

"అవి నా సరుకు కాదు పాపా." గుల్షన్ నెమ్మదిగా తల అడ్డంగా ఊపింది. "ఇంట్లో మనిషి పోతే, ఆ ఇంటోళ్లు జేబు తడిమి చూసి, పేరు చెప్పి, నా చేతికిస్తేనే నేను పరుస్తా. మా అత్త కాడ నుంచీ అంతే. చేలో వంగి కోసుకుంటా ఉంటే వెనకాల ఓ మనిషి ఉన్నట్టుండాలనే గదా ఆ చొక్కా కొనుక్కుంటారు వాళ్లు. పేరు లేని చొక్కా ఇచ్చి మోసం చేయమంటావా?"

ఫెబా పోస్టాఫీసు మెట్టు మీద కూర్చుంది. "మా ఇంట్లో ఉన్నాయి. మా నాన్నవి రెండు. ఫొటో అవగానే పట్టుకెళ్లిపోతాను."

"అరువు చొక్కాలు పరవను," అంది గుల్షన్. "ఇచ్చేసేటట్టయితే తీసుకురా."

*

ఇంటి ముందు దండెం మీద నీలం గళ్ల చొక్కా ఊగుతోంది. ఒకరోజు అది, ఒకరోజు తెల్లది. మూడేళ్లుగా అంతే. తెల్లదాన్ని ఫెబా తల్లి రెబ్కా నిజంగానే ఉతుకుతుంది. నీలం గళ్లదాన్ని ఉతకదు. ఉతికినట్టు కనపడేలా పైపైన నాలుగు చుక్కలు చిలకరించి ఆరేస్తుంది. ఎందుకమ్మా అని ఫెబా ఎప్పుడూ అడగలేదు.

రెబ్కా అరుగు మీద కూర్చుని, నర్సింగ్ హోంలో తను వేసుకునే ఆయా చీర అంచును బ్రష్షుతో రుద్దుతోంది.

"అమ్మా, నాన్న చొక్కాలు ఇచ్చేద్దామా?"

బ్రష్షు ఆగింది. "ఎవరికి?"

ఫెబా చెప్పింది. చెత్త అని నొక్కిన సంగతి కూడా దాచలేదు. రెబ్కా మొత్తం విని, నురగ కారుతున్న చీర వంక చూస్తూ అంది.

"ఇద్దరం ఆడోళ్లం. దండెం మీద చొక్కా లేకపోతే ఈ ఇంట్లో మగమనిషి లేడని తెలిసిపోద్దే."

"అందరికీ తెలుసమ్మా. సమాధుల తోట దాకా మోసుకెళ్లింది ఈ వీధోళ్లే గదా."

"తెలిసినోళ్లకి కాదే నేను ఆరేసేది. తెలియనోళ్లకి." బ్రష్షు మళ్లీ కదిలింది. 

మర్నాడు రెబ్కా ఆరింటికే డ్యూటీకి పోయింది. తొమ్మిదింటికి ఫెబా దండెం మీది చొక్కానూ, లోపల మేకుకు ఉన్న చొక్కానూ తీసి సంచిలో పెట్టుకుంది. సొంత ఇంట్లో దొంగతనం చేసినట్టు అటూ ఇటూ చూసుకుంది. వీధి మలుపు తిరిగేటప్పుడు వెనక్కి చూస్తే ఖాళీ దండెం గాలికి కొంచెం ఊగుతోంది. దాని వెనక ఇల్లు ఎన్నడూ లేనంత పొట్టిగా కనపడింది.

పోస్టాఫీసు గుమ్మం ముందు గుల్షన్ రెండు చేతులూ చాపి అడిగింది. "ఇస్తన్నావా?"

ఇంకా సమయముంది. సంచి మూసుకుని, పైకెక్కి, కుర్చీలో కూర్చుని మీటర్లు నొక్కుకోవచ్చు. రెండో విడతలో పని ఉంటుంది. సాయంత్రానికి దండెం మీద చొక్కా ఉంటుంది. ఈమె ఒక్కతే లేకుండా పోతుంది, అదీ ఫెబా బొటనవేలి చలవే.

"ఇస్తున్నాను," అంది.

"జేబు చూడు."

తెల్లదాని జేబులో ఏమీ లేదు. నీలం గళ్లదాని జేబులో వేళ్లు పెట్టింది. అడుగున కుట్టులో గరుకుగా ఏదో తగిలింది. వేళ్లు బయటికి తీస్తే కొసలు ఎర్రగా ఉన్నాయి. మిరపపొడి, రెండు గింజలు. మూడేళ్ల కిందటి ఘాటు సర్రున ముక్కులోకెక్కింది. ఫెబా తుమ్మింది. గుల్షన్ కూడా తుమ్మింది. ఆగకుండా ఇద్దరూ తుమ్ముతూ, కళ్ల నీళ్లు కారుస్తూ, ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. తుడుచుకుందామని ఫెబా ఆ చేత్తోనే కన్ను నలుపుకుంది. ఇక చూడాలి ఆ మంట. ఆ మంటతో పాటు, మూడేళ్లుగా బిగబట్టిన ఏడుపు కూడా బయటికి వచ్చేసింది. నాన్న చచ్చిపోయిన రోజు కూడా ఇంత ఏడవలేదు.

"మిర్చి యార్డులో పనా?" అంది గుల్షన్.

"హమాలీ. టిక్కీ బస్తాలు మోసేవాడు."

"పేరు?"

"జయపాల్."

"జయపాల్," అని గుల్షన్ తనూ ఒకసారి అన్నది. చొక్కాకు మెడదాకా గుండీలు పెట్టింది. బరువులు మోసి మోసి చిరిగిన ఎడమ భుజానికి రెబ్కా ఎప్పుడో తన పసుపురంగు రవిక గుడ్డతో మాసిక వేసింది. గుల్షన్ ఆ మాసికను అరచేత్తో సాపుచేసింది. చెప్పులు విప్పి పక్కన పెట్టి, కుడికాలు ముందు పెట్టి, ఆ చోటులోకి అడుగుపెట్టింది. మూడు రోజుల తర్వాత ఆ నేల మీద పడిన మొదటి మనిషి పాదం అది. వీధిలో పోయేవాళ్లు ఎందుకో ఒక్క క్షణం నిలబడ్డారు. చొక్కాలు పరిచింది. చేతులు బారజాపింది. గుండెల మీద రాళ్లు పెట్టి, తలల వైపు తను కూర్చుంది.

సెక్యూరిటీ అతను ఈల ఊదుతూ పరుగెత్తుకొచ్చాడు. "బిళ్ల లేకుండా కూర్చోకూడదమ్మా, లే, లే!"

"సర్వే జరుగుతోందండీ," అని ఫెబా మెళ్లో ఉన్న కార్డు చూపించింది. అతను ఈల నోట్లోనే పెట్టుకుని నిలబడిపోయాడు.

మంట పెట్టే కన్ను మూసుకుని, రెండో కంటితో ఫొటో తీసింది. చోటు, సరుకు, మనిషి. కారణం దగ్గర సర్వేయరు పొరపాటు అని నొక్కింది. ఖాయమా అని ఫోను అడిగింది. ఖాయమే. చుక్కలు గుండ్రంగా చాలాసేపు తిరిగి, ఆగి, నమోదైందన్నది. నలభై ఒకటి ఏ.

"నా పక్క నంబరేనా?" బుడాన్ అద్దాల డబ్బా వెనక నుంచి అరిచాడు. "ఇరవై ఏళ్లూ ఎదురుగా కూర్చుంటే చాలలేదు, ఇప్పుడు లిస్టులో కూడా వెంటబడింది!"

గుల్షన్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

పన్నెండు దాటాక డ్రమ్ముల దగ్గర ట్రాక్టరు ఆగి ఆరుగురు ఆడవాళ్లు దిగారు. ఎవరినీ దారి అడగకుండా నడిరోడ్డు మీదుగా తిన్నగా చొక్కాల దగ్గరికి వచ్చి చుట్టూ కూర్చున్నారు. వాళ్లలో పొడుగ్గా ఉన్నామె నీలం గళ్లదాన్ని చూపించి, "ఇదెవరిది?" అంది.

"జయపాల్‌ది. యార్డులో హమాలీ," అంది గుల్షన్.

"బరువు మోసినోడిదైతే మంచిదే. నిలబడతాడు." గుండెల మీది రాయి తీసి పక్కన పెట్టి, చొక్కా దులిపి, చీర మీద అక్కడే తొడుక్కుంది. గుల్షన్ ఫెబా వైపు చూసింది. ఫెబా తల ఊపింది. ఆరుగురూ లేచి వెళ్లేటప్పుడు చూద్దామనుకుంది గానీ కళ్లు అప్పటికింకా మండుతూనే ఉన్నాయి. నీళ్లలోంచి చూస్తే ఆరు వీపులూ ఒకటిగా కలిసిపోయి, ఏది నాన్నదో ఆనలేదు.

అయిదింటికి శ్రీరమ్య లిస్టు చూసుకుని, నీళ్లు పోసి తనే సుద్ద గుర్తులు చెరిపేసింది. "అక్షరాలు గడియారం దగ్గర పెట్టుకుంటాలే," అంది. ఫెబా భుజం మీద చెయ్యి వేసి వెళ్లిపోయింది. మీటర్లూ, కార్డూ అప్పగించి, సంతకం పెట్టి ఫెబా ఇంటికి నడిచింది.

*

రెబ్కా వచ్చేసరికి ఇంకా వెలుతురుంది. గేటు తీసి, దండెం వైపు చూసి, చూపు తిప్పుకోకుండా అక్కడే నిలబడింది. అరుగు మీద కూర్చున్న ఫెబా లేచింది. తిట్టించుకోవడానికి సిద్ధంగా ఉంది. కొట్టినా పడదామనుకుంది.

"అమ్మా, నేనే..."

"మీ నాన్న కనపడ్డాడే ఇవాళ," అంది రెబ్కా.

ఫెబా గేటు దాకా వచ్చింది.

"డాక్టరుగారు సూదిమందుకు పంపితే బజారుకొచ్చా. బండ్లు లేవు గదా, నడిరోడ్డు మీద పోతన్నాడు, మంచి ఎండలో. భుజం మీద నా రవిక గుడ్డ. సూదిమందు సంగతే మర్చిపోయి డ్రమ్ముల దాకా వెనకాలే పోయా." సంచి అరుగు మీద పెట్టి, చెంపలు తుడుచుకుంది. "చుట్టూ ఆడోళ్లు. ఒక్కడే మగోడు. ట్రాక్టరెక్కి కూర్చున్నాడు."

"పిలవకపోయావా?"

రెబ్కా సంచిలోంచి తడిసిన ఆయా చీర తీసి, గట్టిగా దులిపి, దండెం మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా పరిచింది.

"పనికి పోయే మనిషిని వెనకనుంచి పిలుస్తారటే ఎవరైనా?"